పెరటిలోని పడవ: కోనసీమ దోనెలు, సంగళ్లు, తెప్పలు

ఆంధ్రుల నౌకాయానమును గూర్చి వ్రాయబూనినవారు సాధారణముగా యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములతో ప్రారంభింతురు. క్రీస్తుశకము రెండవ శతాబ్ది చివరి భాగమునకు చెందిన ఆ సీసపు నాణెములపై రెండు తెరచాప కొయ్యలు గల ఓడ బొమ్మ కలదు. అటుపిమ్మట నరసాపురపు ఓడలు, కోరంగి ఓడలు, బర్మాకు పోయిన కూలిజనము, దవళేశ్వరపు ఆనకట్ట, కాలువలపై సాగిన పడవలు వరుసగా వచ్చును. ఇవి యన్నియు సత్యములే, గర్వింపదగినవే. కాని గోదావరి పొంగి ఏటిగట్టు లోపలి లంకను ముంచెత్తి, రేవుపడవ ఆవలి ఒడ్డున చిక్కుపడిన రాత్రి, పసిబిడ్డతోను పాడియావుతోను మిట్టపై నిలిచిన రైతు కుటుంబమును గట్టునకు చేర్చినది ఆ ఓడలలో ఏదియును కాదు. అది పెరటిలోని అరటిబోదెలతోను, చూరున దాచిన వెదురు గెడలతోను, కొబ్బరిపీచు త్రాటితోను రెండు గడియలలో కట్టుకొనిన తెప్ప. దానికి పేరు లేదు. ఏ రేవు పుస్తకములోను దానికి లెక్క లేదు. కోనసీమ చరిత్రలో దానికి చోటు చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

కోనసీమ యనగా గౌతమీ వసిష్ఠల నడుమ సముద్రము వరకు విస్తరించిన ముక్కోణపు నేల. ఇందు మరల వైనతేయ చీలి, రాజోలు ప్రాంతమును అమలాపురము నుండి వేరుచేయుచున్నది. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఏ దిక్కునకు నడచినను చివరకు ఒక పాయయో, కాలువయో, మురుగుకోడో అడ్డు తగులక మానదు. ఏటిగట్టునకు వెలుపలనున్న గ్రామముల బ్రతుకు ఒక తీరు; గట్టునకు లోపల, నదీగర్భమున తేలిన లంకల బ్రతుకు వేరొక తీరు. లంకనేల ఒండ్రు నేల. అరటి, కూరగాయలు, పొగాకు అచట పుష్కలముగా పండును. ఆ పంటకు గోదావరి పుచ్చుకొను శిస్తు వరద. లంకవాసి సంతకు పోవలెనన్నను, బిడ్డ బడికి పోవలెనన్నను, పురిటినొప్పులు పడు స్త్రీని వైద్యుని కడకు చేర్చవలెనన్నను నీరు దాటక తప్పదు. అందుచేత ఈ సీమలో పడవ యనునది బండివలె, నాగలివలె ఇంటి పనిముట్టు. ఐనను బల్లలు కోయించి, ఇనుప చీలలు కొట్టించి, వడ్రంగికి కూలి యిచ్చి పడవ చేయించుకొనగలవారు ఊరికి ఎందరు? మిగిలినవారు తమ పెరటి వైపు చూచిరి. పెరటిలో తాడి, కొబ్బరి, అరటి, వెదురు ఉండనే యున్నవి.

ముందుగా తాడిని గూర్చి చెప్పుకొనవలెను. తాటిమాను నుండి తొలిచిన పడవకు దోనె యని పేరు. ఈ మాట గమనింపదగినది. నీరు పారించు తొట్టికిని, నీటిపై తేలు చిన్న పడవకును తెలుగున ఇదే పేరు. సంస్కృతమునందలి ద్రోణి శబ్దము కూడ ఇట్లే రెండింటికిని చెల్లుచున్నది. లోపల నీరున్న దోనె పొలమునకు, వెలుపల నీరున్న దోనె మనుష్యునకు ఉపయోగపడును. పొలమునకు నీరు తోడుటకు మాను తొలిచిన రైతు, ఆ తొట్టి కాలువలో తేలిపోవుట చూచి పడవను కనిపెట్టెనో, లేక పాతబడిన పడవనే పొలములో తొట్టిగా వాడుకొనెనో నిర్ణయించుట కష్టము. ఏ విధముగా చూచినను ఈ రెండును ఒకే చేతిపనియనుట స్పష్టము.

తాటిమాను కట్టుబాటే దోనెకు అనుకూలమైనది. మామిడి, టేకు మొదలగు వృక్షములకు చేవ నడుమ నుండును; తాడికి చేవ వెలుపల నుండును. పైన నల్లని గట్టి చువ్వలతో అల్లినట్లుండు పెంకు, లోపల మెత్తని పీచుబెండు. కావున దోనె చేయువాడు చెక్కి తీసివేయు భాగము పనికిరాని భాగమే. నిలుపుకొను భాగము గట్టి భాగమే. ప్రకృతియే సగము పని చేసి పెట్టినదని చెప్పవచ్చును. పెద్ద వయస్సు గల చెట్టును, అందును మొదలు బాగుగా లావెక్కిన దానిని ఎన్నుకొందురు. దానిని నేలమట్టమునకు నరుకరు. చుట్టును త్రవ్వి, వేళ్ల గడ్డతో సహా పడగొట్టుదురు. ఆ గడ్డయే దోనెకు ముందుభాగము. అది సహజముగా మూసికొనియే యుండుటచే నీరు చొరదు. పిదప మాను పొడవున పైభాగమును గొడ్డలితో చదునుచేసి, లోపలి బెండును బాడిసతోను ఉలితోను తొలుతురు. మొన వైపు కోసిన చివర తెరచియుండును గనుక దానిని బల్లముక్కతోనో, బంకమట్టి ముద్దతోనో మూయుదురు. ఒక మానునకు ఒక దోనె. బీటలు వారినచో గుగ్గిలమును నూనెలో కాచి పూయుట కలదు. ఎండకు పగులకుండ, పనిలేని దినములలో దానిని నీడను గాని నీటిలో గాని ఉంచవలెను.

ఇట్టి దోనె పూర్తియైన పిమ్మట దానిపై నిలువబూనిన క్రొత్తవాని స్థితి మాత్రము హాస్యాస్పదము. అడుగు గుండ్రము, వెడల్పు ఒక మనిషి కూర్చుండుటకు చాలినంత. కుడిప్రక్కకు ఒరిగినచో కుడివైపు, ఎడమకు ఒరిగినచో ఎడమవైపు నీటిలో పడుటయే. అలవాటు పడినవాడు కాళ్లు ముడిచి కూర్చుండి, గెడ పోటుతోను తెడ్డు విసరుతోను లోతు లేని నీటిలో చేపవలె పోగలడు. ఇరుగుపొరుగున కొల్లేటి సరస్సులో పల్లెవారు ఈ తాటిదోనెలపై వలలు వేయుట, మావులు పెట్టుట చిరకాలముగా జరుగుచున్న పనియే. కోనసీమ కాలువలకును, మురుగుకోడులకును, ముంపు చేలకును ఇదే సరిపోవు పడవ. బల్లపడవ అడుగు తట్టు చోట దోనె సాగును.

ఒంటి దోనె ఒరుగునను లోపమునకు ఉపాయము రెండవ దోనె. రెండింటిని ప్రక్కప్రక్కన చేర్చి, పైన అడ్డుకర్రలు వేసి పీచుత్రాటితో బిగించినచో ఇక ఒరగవు. నడుమ తడిక పరచిన ధాన్యపు బస్తా, మేక, మనిషి అందరును ఎక్కవచ్చును. దీనినే సంగడి యందురు. సంగడి యనగా జత, చెంత, చెలిమి. సంగడికాడు అనగా మిత్రుడు. ఒక్కడుగా నిలువలేనిది ఇద్దరుగా నిలుచునను అనుభవము మాటలోనికి దిగినదని ఊహించుట తప్పు కాదు. పొరుగు భాషలలోను ఈ సంబంధమే కానవచ్చుచున్నది: మలయాళమున చంగాడము అనగా తెప్ప, చంగాతి అనగా స్నేహితుడు. ఆ చంగాడమును పోర్చుగీసు నావికులు పట్టుకొనిపోయి జంగాడ యని పలికిరి. దక్షిణ అమెరికాలోని బ్రెజిలు తీరమున చేపలు పట్టువారి దుంగతెప్పకు ఆ పేరే స్థిరపడినది. మన తీరముల మాట అంత దూరము పోయినదని తెలిసిన పాఠకులు కొందరైనను సంతోషింతురు.

క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో గ్రీకు భాషలో వ్రాయబడిన పెరిప్లస్ అను సముద్రయాన గ్రంథమున, మన తూర్పుతీరపు రేవులను చెప్పుచు, ఏకదారువులను కలిపి కట్టిన మిక్కిలి పెద్ద నావలను సంగర యను పేరుతో పేర్కొనిరి. ఆ గ్రంథకర్త చెప్పిన సంగరయు, నేటి సంగడియు ఒక్క మాటయేయని పలువురు పండితులు తలచిరి. పేర్లు పోలినంత మాత్రమున వస్తువులు ఒక్కటి కానక్కరలేదు. సముద్రముపై తిరిగిన సంగర మురుగుకోడులోని సంగడి కంటె అనేక రెట్లు పెద్దదై యుండవలెను. కాని కట్టుబాటులోని ఆలోచన ఒక్కటే: తొలిచిన మ్రాకును మ్రాకుతో జతపరచుట. భారతదేశపు పడవల పుట్టుకను గూర్చి 1920లో ఒక గ్రంథమును ప్రకటించిన జేమ్స్ హార్నెల్ అను ఆంగ్లేయుడు రాజనౌకలను గాక, ఇట్టి దోనెలను, తెప్పలను, పుట్టిలనే శ్రద్ధతో పరిశీలించెను. పెద్ద ఓడల పూర్వీకులు చిన్నపడవలేయని ఆయన గ్రహించెను.

ఆ ఆలోచన నేటికిని చావలేదు. కోటిపల్లి, ముక్తేశ్వరముల నడుమ గౌతమిపైనను, సఖినేటిపల్లి, నరసాపురముల నడుమ వసిష్ఠపైనను నడచు పంటును చూచినవారికి ఇది విశదము. రెండు పడవలను జతచేసి, పైన బల్లలు పరచి, బండ్లను, మోటారు వాహనములను, మనుష్యులను ఎక్కించు ఆ పంటు ఒక పెద్ద సంగడి మాత్రమే. తాటిమాను స్థానమున ఇనుపరేకు వచ్చినది. పీచుత్రాటి స్థానమున మరలు వచ్చినవి. ఆలయములలో తెప్పోత్సవమునకు స్వామిని ఊరేగించు హంసవాహనమును కూడ పలుచోట్ల ఈ పద్ధతిననే కట్టుదురు.

ఇక పెద్ద ఓడల మాట. నరసాపురము పదునేడవ శతాబ్దిలో ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధి వహించినది. 1669 నుండి పదేండ్లు ఈ తీరమున సంచరించిన థామస్ బౌరీ అను ఆంగ్ల నావికుడు, అచట మంచి కలప దొరకుటను, ఆంగ్ల వర్తకులు అచట ఓడలు కట్టించుకొనుటను తన గ్రంథమున వ్రాసెను. అది 1905లో గాని అచ్చు కాలేదు. ఆయన మసూలా పడవను కూడ వర్ణించి బొమ్మ గీసెను. ఆ పడవలో చీల యనునది లేదు. పలుచని బల్లలను అంచున తొలిచి కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు. కెరటము కొట్టినపుడు చీలలు కొట్టిన పడవ పగులును, కుట్టిన పడవ వంగి ఊరకుండును. చెన్నపట్టణమునకు నౌకాశ్రయము ఏర్పడువరకు సీమనుండి వచ్చిన దొరలందరును ఈ కుట్టుపడవ ఎక్కియే ఒడ్డు చేరిరి. కొబ్బరి పీచు విలువ అంతటిది. కోనసీమ గృహిణి ఉప్పుటేటి గోతులలో నానవేసి, కొట్టి, పేని అమ్మిన త్రాడు సముద్రముపై ఇనుమునకు బదులు నిలిచినది.

గౌతమీ ముఖమునందలి కోరంగి పదునెనిమిదవ, పందొమ్మిదవ శతాబ్దులలో ఓడలు కట్టుటకును, చెడినవానిని బాగుచేయుటకును పేరుపొందెను. అచటినుండి బర్మాకు పోయిన తెలుగువారికి ఆ దేశమున కోరంగీలను పేరే నిలిచిపోయినది. 1789లోను, 1839లోను వచ్చిన తుఫానులు, ఉప్పెనలు ఆ రేవును ధ్వంసము చేసినవి. ఇసుక మేటలు మిగిలిన పని ముగించినవి. 1847 నుండి 1852 వరకు ఆర్థర్ కాటన్ దవళేశ్వరమున ఆనకట్ట కట్టించెను. దానితో కాలువలు వచ్చినవి. వైనతేయపై గన్నవరము వద్ద 49 కమానుల అక్విడక్టు కట్టి నది మీదుగా నీటిని దాటించిరి. కాలువలపై గాలి ఉన్నప్పుడు తెరచాపతోను, లేనప్పుడు గట్టున త్రాడు లాగుచును ప్రయాణపు పడవలు నడిచినవి. కాకినాడ నుండి కాలువల వెంబడి చెన్నపట్టణము వరకు సరకు పోయెడిది. ఆ వైభవమును గూర్చి అనేకులు వ్రాసిరి గనుక ఇచట విస్తరింప పనిలేదు. రైలును, మోటారును రాగా ఆ పడవలు వెనుకబడినవి. నరసాపురము ఓడల రేవు పోయినది, కోరంగి రేవు పోయినది, కాలువ పడవ పోయినది. చెప్పదగిన విషయమేమనగా, వీటన్నింటికంటె బలహీనమైన అరటితెప్ప పోలేదు.

అరటి నీటిపై తేలునని కోనసీమ స్త్రీకి ఎవరును నేర్పనక్కరలేదు. కార్తికమాసము ముగిసిన మరునాడు, పోలిపాడ్యమి తెల్లవారుజామున, అరటి దొప్పలలో దీపములుంచి కాలువలో విడుచుట ఇంటింటి ఆచారము. ఎండిన ఆనపకాయ బుర్రను నడుమునకు కట్టుకొనియో, రెండు ఎండు కొబ్బరికాయలను జతకట్టి చంకల క్రింద పెట్టుకొనియో పిల్లలు ఈత నేర్చుకొందురు. ఈత వచ్చిన పిల్లలు వేసవిలో కాలువలో అరటిబోదెలపై స్వారిచేయుదురు. అందుచే వరద వచ్చిన దినమున తెప్ప కట్టు విద్యను క్రొత్తగా అభ్యసింప పనిలేదు. అది ఆటగా ముందే వచ్చియుండును.

అరటిబోదె నిజముగ మాను కాదు. ఒకదానినొకటి చుట్టుకొనిన ఆకుమట్టల కట్ట. ప్రతి మట్ట లోపలను గాలితో నిండిన చిన్నచిన్న గదులు కలవు. వాని వలననే అంత రసము గల బోదె కూడ నీటిపై తేలుచున్నది. తెప్పకు లావైన బోదెలు కావలెను. ఆకులు కోసివేసి, మొదలు చదునుచేసి, ఆరు మొదలు ఎనిమిది బోదెలను ప్రక్కప్రక్కన పరతురు. మొదలు ఒకదానికి ఇటు, మరియొకదానికి అటు ఉండునట్లు మార్చి మార్చి పరచుట తెలిసినవారి పద్ధతి. లేనిచో తెప్ప ఒకవైపు బరువై మునుగును. పిదప వెదురునో సరుగుడు కర్రనో సూదిగా చెక్కి, మొదట, నడుమ, చివర మూడుచోట్ల బోదె నుండి బోదెకు అడ్డముగ గ్రుచ్చుదురు. క్రుచ్చిన కర్రల కొనలకు పీచుత్రాడు తగిలించి తెప్ప చుట్టును బిగింతురు. త్రాడు లేనిచో అరటి నారయే త్రాడు. పైన తడిక గాని, తలుపురెక్క గాని వేసినచో మనుష్యులు కూర్చుండవచ్చును. ఇనుము లేదు, మేకు లేదు, కొనవలసినది ఏదియు లేదు.

పీచుత్రాడు బోదెలోనికి కొంత కోసికొనిపోవుట చూచి క్రొత్తవారు భయపడుదురు. అది లోపము కాదు. 1947లో థార్ హేయెర్డాల్ అను నార్వే దేశీయుడు ఐదుగురు సహచరులతో బాల్సా దుంగల తెప్పపై పెరూ నుండి బయలుదేరి 101 దినములు పసిఫిక్ మహాసముద్రమున ప్రయాణించి పాలినీషియా దీవులు చేరెను. కోన్‌టికి యను ఆ తెప్పను చీలలు లేకయే జనపత్రాళ్లతో కట్టిరి. త్రాళ్లు ఒరసికొని తెగునని పండితులు ముందే హెచ్చరించిరట. కాని దుంగ మెత్తనిదగుటచే త్రాళ్లు దానిలోనికి దిగి, ఒరపిడి తగులక భద్రముగ నిలిచినవి. ప్రపంచము ఆశ్చర్యపడిన ఆ సంగతి లంకరైతు ప్రతి వరదలోను చూచుచున్నదే.

అరటితెప్పను గూర్చి మెచ్చుకొని ఊరకుండుట మాత్రము న్యాయము కాదు. తెప్పకు పనికివచ్చు లావుబోదె గెల మోయుచున్న చెట్టుదే. జూలై ఆగస్టు మాసములలో వరద వచ్చునప్పటికి చాల తోటలలో గెలలు పక్వమునకు రావు. ఏడాది పెట్టుబడి, ఏడాది చాకిరి ఆ గెలలోనే యున్నది. నీరు తగ్గునేమోయని రైతు సాయంకాలము వరకు ఎదురుచూచును. నిలువనీటిలో నాలుగు దినములుండిన తోట కుళ్లునని అతనికి తెలియును. ఐనను కత్తి ఎత్తుటకు చేయి రాదు. కత్తి ఎత్తిన క్షణమున ఆ ఏటి పంటపై ఆశ వదలుకొనినట్లే. లంకలలో ఆలస్యముగ కట్టిన తెప్పల వెనుక ఈ లెక్కయే యుండెడిది. ఇది పిరికితనము కాదు, లోభము కాదు. ఎనిమిది చెట్లు ఎవరివి కొట్టవలెనను ప్రశ్న ఇరుగుపొరుగుల నడుమ తెల్లవారువరకు నానిన సందర్భములు ఊహింప కష్టము కాదు.

తెప్పకు నియమములు కొన్ని కలవు. దానిపై నిలువరాదు, కూర్చుండవలెను. పిల్లలు, వృద్ధులు నడుమ; గెడ పట్టువాడు చివర. లోతు తెలియుట కొరకు మరియొకడు ముందు కర్రతో పొడుచుచుండవలెను. ముంచిన చేలమీదను, పుంతలలోను, నీరు నెమ్మదిగ పారుచోట్ల మాత్రమే పోవలెను గాని నడియేటి వడిలోనికి దింపరాదు. పాయ దాటక తప్పనిచో ఎగువకు గట్టువెంబడి లాగికొనిపోయి, అచటినుండి ఏటవాలుగ దిగువ రేవునకు తేలిరావలెను. ఎదురుగ దాటబూనిన తెప్ప ఎన్నడును అనుకొనిన చోట చేరదు. ఆవులు, గేదెలు ఈదగలవు గనుక వాని పలుపు పట్టుకొనిన చాలును. లేగదూడలను, మేకలను తెప్పపై కట్టుదురు. మూడు నాలుగు దినములకు బోదెలు నానిపోయి తెప్ప క్రుంగును. దాని ఆయువు అంతే. అంతకుమించి నమ్మినవారు నష్టపడుదురు.

గోదావరి ఈ విద్యను మరచిపోనిచ్చు నది కాదు. 1953 వరద పెద్దలు చాలకాలము చెప్పుకొనిరి. 1986 ఆగస్టులో దానిని మించిన వరద వచ్చెను. భద్రాచలమున నీటిమట్టము 75 అడుగులు దాటినది; దవళేశ్వరము వద్ద సెకనుకు సుమారు 35 లక్షల ఘనపుటడుగుల నీరు పారినది. ఏటిగట్లు పలుచోట్ల గండ్లు పడినవి. లంకలే గాక, గట్టు వెలుపల నిశ్చింతగ నిద్రించిన గ్రామములు కూడ నీటిపాలైనవి. ఏటిగట్టునకు వెలుపలివారికి తెప్ప కట్టు అలవాటు తక్కువ. వారి ఇబ్బంది ఎక్కువ. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుఫాను కోనసీమ తీరమును తాకినపుడు సుమారు వేయిమంది ప్రాణములు కోల్పోయిరి, కొబ్బరితోటలు నేలకొరగినవి. పడిన కొబ్బరిమాళ్లను మురుగుకోడులపై అడ్డముగ త్రోసి వంతెనలుగా వాడుకొనిరి. 2022 జూలైలో భద్రాచలమున మరల 71 అడుగులు దాటినది; లంకలు వారము దినములకు పైగా నీటిలో నిలిచినవి. అప్పటికి మరపడవలు, రక్షణదళములు కలవు. ఐనను వారు అన్ని లంకలకు ఒక్కసారిగ పోజాలరు గదా. ఆ నడిమి వేళ ఎవరి తెప్ప వారిదే.

వరద పట్టుకొనిపోవుటయే గాదు, తెచ్చియిచ్చును కూడ. ఎగువ అడవుల నుండి దుంగలు, వెదుళ్లు, విరిగిన తెప్పల ముక్కలు కొట్టుకొనివచ్చును. ఒకప్పుడు టేకు దుంగలను, వెదురు కట్టలను తెప్పలుగా కట్టి భద్రాచలము వైపు నుండి రాజమహేంద్రవరమునకు నీటిపై విడిచెడివారు. వరదలో దుంగలు పట్టుటకు లంకల యువకులు నడియేటికి ఈదుట ప్రాణాపాయమని తెలిసియు మానరు. పట్టిన దుంగ కొంత వంటచెరకు, కొంత ఇంటికి స్తంభము. సరియైన దుంగలు నాలుగు దొరికినచో తెప్ప. పాతపడవ బల్ల కూడ వ్యర్థము కాదు. అది గాదె తలుపై, పశువుల పాకకు అడ్డుబల్లయై, వరద వచ్చిననాడు మరల తెప్పపై పరపుబల్లయై నీటికి పోవును.

కాలము మారిన కొలది పెరటిలోనికి క్రొత్త వస్తువులు వచ్చినవి. కిరసనాయిలు డబ్బా వాటిలో మొదటిది. నాలుగు గ్యాలనులు పట్టు ఖాళీడబ్బా మూతిని కీలుతో మూసినచో, తన బరువు పోను ఇంచుమించు 17 కిలోల బరువును నీటిపై నిలుపును. ఆరు డబ్బాలను వెదురుచట్రమునకు కట్టినచో ఒక మనిషికి చాలును. పిమ్మట రోడ్డు పనుల తారుపీపాలు, లారీ చక్రముల రబ్బరుట్యూబులు వచ్చినవి. రెండువందల లీటర్ల పీపాలు నాలుగు కట్టిన తెప్పపై కుటుంబమంతయు సామానుతో ఎక్కవచ్చును. ఇటీవల చేపలు పట్టువారు కొందరు థర్మోకోలు పలకలను వలగుడ్డలో చుట్టి కట్టుకొనుచున్నారు. అది బెండుకంటె తేలిక. వెనుకటివారు వలలకు కట్టిన జీలుగుబెండు పనియే అదియు చేయుచున్నది. కాని జీలుగుబెండు విరిగినచో కుళ్లి మట్టియగును. థర్మోకోలు విరిగినచో తెల్లని గింజలై కాలువ నిండ తేలుచుండును. పాతవస్తువును తెప్పగా మలచు తెలివి మెచ్చదగినదే. తెచ్చుకొను వస్తువులన్నియు ఒక్కరీతి మంచివి కావు. పీపాలో ముందేమి పోసిరో తెలిసికొనుటయు, డబ్బా తుప్పుపట్టినదేమో చూచుటయు ప్రాణముతో కూడిన విషయము. అరటిబోదె మెల్లగ క్రుంగును, మనిషికి వ్యవధి యిచ్చును. చిల్లుపడిన డబ్బా వ్యవధి యీయదు.

వంతెనలు రాగా పడవల కాలము పోయినదను అభిప్రాయము కలదు. లోకసభాధ్యక్షులుగా నుండిన కోనసీమ బిడ్డ జి.ఎం.సి. బాలయోగి గారి పేరిట యానాం, ఎదుర్లంకల నడుమ గౌతమిపై వంతెన వెలసినది; వసిష్ఠపై చించినాడ వంతెన వచ్చినది. వీని మేలు అపారము. ఐనను వంతెనలు పట్టణములను కలుపును, లంకలకు ఇంకను పడవయే గతి. 2018 జూలై 14వ తేదీన ఐ.పోలవరము మండలము పశువుల్లంక వద్ద బడి నుండి ఇండ్లకు మరలుచున్న బాలికలతో పోవుచున్న పడవ, కట్టుచున్న వంతెన స్తంభమునకు తగిలి బోల్తాపడినది. గోదావరి పాలైన ఆ పిల్లలు పుస్తకములకై ఏరు దాటినవారు. పుస్తకము కొరకు బిడ్డ నీరు దాటవలసిన సీమలో గ్రంథాలయములవారు జ్ఞాపకముంచుకొనదగిన మరియొక పడవ కలదు. 1935లో పాతూరి నాగభూషణము గారు కృష్ణాకాలువపై పడవలోనే గ్రంథాలయము నెలకొల్పి, పాఠకుని నీరు దాటింపక పుస్తకమునే నీటిపై పాఠకుని కడకు పంపిరి.

దోనె తొలుచు పని తెలిసినవారు నేడు అరుదైరి. తాళ్లు కొట్టివేయబడి రొయ్యలచెరువులు, కొబ్బరితోటలు వచ్చినచోట్ల తొలుచుటకు మానును కరవే. వేళ్లగడ్డతో చెట్టును ఎట్లు పడగొట్టవలెనో, పెంకు ఎంత మందము ఉంచవలెనో, మొన ఎట్లు మూయవలెనో ఏ పుస్తకమునను వివరముగ లేదు. అది చేతినుండి చేతికి వచ్చిన విద్య. చేయి ఆగినచోట ఆగిపోవును. ఊరిలో మిగిలిన వృద్ధులను అడిగి, కొలతలు, పేర్లు, పనిముట్లు వ్రాసి గ్రంథాలయమున భద్రపరచుట ఇంకను సాధ్యమే. బొమ్మ గీయగల బాలుడు ఒక్కడు చాలును.

అరటితెప్పకు మాత్రము ఇంకను అట్టి ప్రమాదము రాలేదు. వరద తీసిన మరునాడు దానిని గట్టున విప్పుదురు. నానిన బోదెలను ముక్కలుచేసి కొన్ని పశువులకు వేయుదురు, మిగిలినవానిని కొబ్బరిమొదళ్ల చుట్టును ఎరువుగ పరతురు. పీచుత్రాటిని ఎండలో ఆరవేసి చుట్టచుట్టుదురు. గ్రుచ్చిన వెదురుకర్రలను కడిగి, మట్టి తుడిచి, చూరుక్రింద దోపుదురు. ఆ పనియంతయు ముగించి రైతు అరటిపిలకలు ఎచ్చట దొరకునోయని వెదకుకొనుచు పొరుగూరికి బయలుదేరును.